రత్నం చెవిలోని వయొలిన్

కాకినాడ జగన్నాథపురంలో మస్తాన్‌వలీ పరుపుల దుకాణం మీద ఒక గోడౌను ఉంది. నేల నుంచి పైకప్పు దాకా దూది పరుపులే. ఆ గదిలో గొంతు చించుకుని అరిచినా మెట్ల మీదున్న మనిషికి వినపడదు. పెద్ద స్టూడియోల వాళ్ళు గోడలకు ఏవేవో అతికించి సంపాదించుకునే నిశ్శబ్దం మస్తాన్‌వలీకి తాతల నాటి వృత్తి వల్ల ఊరికే వచ్చిపడింది. అంచేత ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే నలుగురు మిత్రులు ఆ పరుపుల మధ్య చేరి పాటలు రికార్డు చేసుకుంటారు. చాలా ఏళ్ళుగా ఇదే వరస.

వాళ్ళు తమకు తాము పెట్టుకున్న పేరు దూది బృందం. పాట కట్టేదీ పాడేదీ మస్తాన్‌వలీ. వయొలిన్ యోహానుగారిది. ఆయన కరెంటాఫీసులో రిటైరయ్యారు, చర్చిలో వాయించి వాయించి చెయ్యి తిరిగినవారు. డోలక్ కనకరత్నానిది, ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. కీబోర్డు మీద శేషుకుమారి. అందరిలోకీ చిన్నది, ఇంజనీరింగ్ కాలేజీ ప్రయోగశాలలో మెదడు తరంగాల మీద పరిశోధన చేస్తోంది. వీళ్ళ పాటలు వినేదెవరయ్యా అంటే వీళ్ళే. చుట్టాల ఫోన్లకు పంపిస్తే బొటనవేలు బొమ్మ ఒకటి తిరిగొచ్చేది. మొదటి చరణం దాటి విన్న చుట్టం మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

ఒక ఆదివారం శేషు సంచీలోంచి ఒక టోపీ తీసింది. ఈత కొట్టేవాళ్ళు పెట్టుకునే రబ్బరు టోపీ లాంటిదే. లోపలంతా చిన్న చిన్న బొడిపెలు, వెనక తోకలాగా ఒక వైరు.

“దీని పేరు అంతఃశ్రవణి,” అంది గర్వంగా.

“అంత పేరు మనకి నోరు తిరగదు గానీ టోపీ అనేద్దాం. ఇంతకీ ఎవరికి పెడతావమ్మా ఈ టోపీ?” అన్నాడు మస్తాన్‌వలీ.

“ముందు మీకే అన్నా,” అని శేషు అతని నెత్తిన తొడిగేసింది. వైరు కంప్యూటరుకు తగిలించి, ఒక స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టింది. గ్లాసు మోగింది. ఆ వెంటనే స్పీకర్లలోంచీ టంగుమంది.

“రెండోది గ్లాసు మోత కాదు. అన్న తలలో మోగిన మోత. ఇప్పుడు నేను కొట్టనన్నా, కొట్టాననుకోండి.”

మస్తాన్‌వలీ కళ్ళు మూసుకున్నాడు. చెంచా గాల్లోనే ఆగి ఉంది. స్పీకర్లలోంచి పలచగా, దూరంగా, టంగుమని వినిపించింది. యోహానుగారు “ప్రభువా!” అంటూ కూర్చున్న పరుపులో ఇంకాస్త దిగబడిపోయారు.

ఇక ఆగుతారా? మస్తాన్‌వలీ టోపీతోనే ఒక పాట పాడాడు, ముగ్గురూ వాయించారు. అతని చెవిలో పడిన పాటను శేషు తిరిగి వినిపించేసరికి నలుగురూ పడీ పడీ నవ్వారు. అందులో మస్తాన్‌వలీ గొంతు పెళ్ళిపందిట్లో మైకుసెట్టులా హోరెత్తిపోతోంది. మిగతా ముగ్గురూ ఎక్కడో దోమల్లా రొద పెడుతున్నారు.

“నా చెవిని నేనెందుకు కాదంటాను? ఉన్నమాటే వింది పాపం,” అన్నాడతను, ఏమాత్రం సిగ్గుపడకుండా.

తరవాత యోహానుగారు పెట్టుకున్నారు. ఆయన వినికిడిలో వయొలిన్ సన్నగా, బెదురుగా ఉంది. శ్రుతి తప్పిన చోట మాత్రం ముల్లు గుచ్చుకున్నట్టు పెద్దగా వినపడింది. భుజం పట్టేసినప్పటి నుంచి ఆయన వేళ్ళు మాట వినడం లేదు, స్వరం కిందికి జారిపోతోంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, “నా చెవికి నామీద దయలేదండీ బాబూ,” అని నవ్వేశారు.

“ఇంక రత్నక్క!” అంది శేషు.

రత్నం గబుక్కున లేచింది. “నాకు పొద్దుట్నించీ తలనొప్పిగా ఉందే. వచ్చే వారం చూద్దాంలే,” అని డోలక్ చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

తలనొప్పి లేదు, తలకాయా లేదు. రత్నానికి చెవులు పోతున్నాయి. పైస్థాయి శబ్దాలన్నీ ఒక్కొక్కటే సెలవు తీసుకున్నాయి. ముందు ఫోను మోత పోయింది, తరవాత కాలేజీలో వెనక బెంచీల గుసగుసలు పోయాయి. పిల్లలు మాత్రం “లెక్కల మేడం చాలా మంచిదిరా, ఎంత మాట్లాడినా ఏమీ అనదు” అని మెచ్చుకుంటున్నారు. చివరికి వయొలిన్ కూడా పోయింది. అదీ చిత్రంగా పోయింది. యోహానుగారి చేతిలో కమాను కదలడం చూస్తున్నంతసేపూ రత్నానికి వయొలిన్ హాయిగా వినపడుతుంది. తల వంచి డోలక్ చూసుకుంటే టక్కున ఆగిపోతుంది. అంటే తాను వింటున్నది చెవితో కాదని ఆమెకు అర్థమైపోయింది.

డాక్టరు చెవియంత్రాలు రాశాడు. “పెట్టుకోకుండా కూర్చుంటే మాటలు గుర్తుపట్టడం కూడా మెదడు మరిచిపోతుందమ్మా” అని హెచ్చరించాడు. రత్నం అలాగేనని తలూపి ఇంటికొచ్చేసింది. కాలేజీలో ఒక మాస్టారు చెవియంత్రం పెట్టుకొచ్చిన నెలలోనే ఆయన్ని పాఠాల నుంచి తప్పించి లైబ్రరీలో కూర్చోబెట్టడం ఆమె కళ్ళారా చూసింది. కాలేజీ పోయినా బతకొచ్చు. చెవులు లేని మనిషిని బ్యాండులో ఎవరుంచుకుంటారు? వారమంతా లెక్కలు, వంట, అత్తగారి తరఫు పేరంటాలు. తనదంటూ ఉన్నది ఆ పరుపుల గది ఒక్కటే. అది పోతుందన్న తలపు వస్తేనే ఆమెకు ఊపిరాడదు.

ఆ సాయంత్రం భర్త సత్తిరాజు వంటింట్లోంచి కేకేశాడు. “ఎన్ని విజిళ్ళొచ్చినయ్యోయ్?”

అతను గుమ్మంలోకి వచ్చి మళ్ళీ అడిగితే గానీ రత్నానికి అందలేదు. “మూడు వచ్చాయిగా,” అంది ధైర్యంగా.

ఆ పూట పప్పు గరిటెతో కాదు, గ్లాసుతో వడ్డించుకోవాల్సి వచ్చింది. సత్తిరాజు మంచివాడు. చారనుకుని తాగేశాడు.

మరుసటి ఆదివారం రత్నం ఎన్ని సాకులు సిద్ధం చేసుకుందో లెక్కలేదు. ఒక్కటీ వాడే అవకాశం రాలేదు. ఆమె వంగి డోలక్ తాళ్ళు బిగిస్తుంటే మస్తాన్‌వలీ వెనక నుంచి వచ్చి టోపీ తొడిగేశాడు. “రత్నక్కకి టోపీ పెట్టేశానహో!” అని చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు తీసేస్తే అనుమానం, ఉంచుకుంటే ప్రమాదం. రత్నం కమాను మీంచి చూపు తిప్పకుండా పాటంతా వాయించింది. అది ఉప్పుటేరు మీద వానపాట, వాళ్ళు మొదటి రోజుల్లో కట్టుకున్నది.

శేషు దాన్ని తిరిగి వినిపించింది. డోలక్ మొదలైంది. మస్తాన్‌వలీ గొంతు లేత కొబ్బరిలా వచ్చింది. ఆ తరవాత వయొలిన్ అందుకుంది.

పాటతోపాటు కదులుతున్న యోహానుగారి వేళ్ళనే చూస్తున్న రత్నానికి అందులో వింతేమీ కనపడలేదు. తను రోజూ వినే పాటే. కానీ మిగతా ముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూస్తున్నారు. స్వరం ఎక్కడా జారలేదు. చరణం చివర గమకం ఒకటి ఊయల ఊగినట్టు ఊగి, సరిగ్గా వచ్చి వాలింది. పాట అయ్యాక యోహానుగారు తన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

“ఈ గమకం నేను వాయించి ఎన్నాళ్ళయిందో తెలుసా అండీ? భుజం బాగున్న రోజుల్లోది. ఇవాళ నేను వాయించింది ఇది కాదు.”

శేషు కంప్యూటరు తెరమీద ఏవో గీతలు చూసి, మెల్లిగా రత్నం వైపు తిరిగింది. “అక్కా... మీ చెవిలోకి వయొలిన్ అసలు వెళ్ళట్లేదు కదూ? మీ మెదడే పాతది తీసి నింపుతోంది. గ్లాసు మోగిందనుకుంటే మోగినట్టు.”

దాచాల్సింది ఇంకేమీ మిగల్లేదు. రత్నం టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది. “చెబితే తీసేస్తారని భయపడ్డాను. తీసెయ్యండి మరి, ఏం చేస్తాం.”

“తీసేయడవేంటక్కా!” మస్తాన్‌వలీ గంతేశాడు. “మా అందరి కంటే మీ చెవుడే బాగా వాయిస్తంటే! ఇంక మిమ్మల్ని ఎవ్వరికీ ఇవ్వం.”

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చేసింది. అంత భయమూ ఎటు పోయిందో పోయింది. ఆ రోజు వాళ్ళు పరుపుల మీద పిల్లల్లా దొర్లి, ఆ పాటను మళ్ళీ మళ్ళీ విన్నారు.

మస్తాన్‌వలీ ఆ రికార్డింగు తీసి లోకం మీదికి వదిలాడు. ఈసారి చుట్టాలు బొటనవేళ్ళతో సరిపెట్టలేదు. పాట ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పాకింది. మెయిన్ రోడ్డులో ఆటోవాళ్ళు పెట్టుకున్నారు. విశాఖలో ఏదో సంగీతోత్సవం వాళ్ళు ఫోను చేసి, ఇలాంటివే పాటలు ఒక ఆల్బమ్‌గా చేసిస్తే తమ వేదిక మీద విడుదల చేస్తామన్నారు. అందరూ మెచ్చుకుంటున్నది వయొలిన్నే. యోహానుగారు చర్చి మెట్లు దిగేసరికి పదిమంది చుట్టూ చేరుతున్నారు. ఆయన జుట్టుకు రంగేశారు, కొత్త చొక్కాలు కుట్టించారు. రత్నం అది చూసి పొంగిపోయింది. తన చెవుడు ఒక మనిషికి చేతులు తిరిగి ఇచ్చిందంటే మాటలా?

శేషు ఒకసారి అడిగింది, కొంచెం తటపటాయిస్తూనే. “అక్కా, డాక్టరు యంత్రాలు పెట్టుకోమన్నాడన్నారుగా. పెట్టుకుంటే అసలు శబ్దం లోపలికెళ్తుంది. అప్పుడిక మెదడు నింపడం మానేస్తుంది, ఈ వయొలిన్ రాదు.”

“అయితే పెట్టుకోను. ఆల్బమ్ అవనీ,” అంది రత్నం.

శేషు తలూపి టోపీ వైరు సరిచేసుకుంది. ప్రయోగశాలలో ఆమె టోపీ గురించి ఇప్పుడిప్పుడే నలుగురూ చెప్పుకుంటున్నారు. ఒక్క మనిషి మెదడులోంచి ఇంత స్పష్టమైన సంగీతం ఇంతవరకూ ఎవరూ తీయలేదు. తనకు నచ్చిన జవాబు వచ్చినప్పుడు దాన్ని తిరగేసి చూడటం ఎవరికి మాత్రం ఇష్టం?

ఇక్కడ దూది బృందం అలవాటు ఒకటి చెప్పాలి. వీళ్ళు రెండు పాటల మధ్య టీ తాగుతారు. ఆ టీ దగ్గర మాట్లాడుకునేవి ఎప్పుడూ అవే మాటలు. టీ చెప్పనా అక్కా అని మస్తాన్‌వలీ అంటాడు. అల్లం వెయ్యమను అని రత్నం, పంచదార తగ్గించమనండి అని యోహానుగారు. ఆ తరవాత ఎండ గురించి ఒక మాట, మున్సిపాలిటీ గురించి రెండు మాటలు. ఒకరి మాట ఇంకొకరు విన్నా వినకపోయినా కథ నడిచిపోతుంది. చెవులు లేని మనిషి దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు.

ఆల్బమ్‌లో ఆఖరి పాట ఒక్కటీ మిగిలిందనగా ఒకరోజున మస్తాన్‌వలీ టీకి ముందు గొంతు సవరించుకున్నాడు. మొహమంతా వెలుగు. “అక్కా, మా షాహీన్‌కి సంబంధం కుదిరిందండి. కుర్రోడు రాజమండ్రిలో టీచరు. ముందుగా మీకే చెప్తన్నా.”

“అల్లం కాస్త ఎక్కువే వెయ్యమను,” అంది రత్నం, డోలక్ తుడుచుకుంటూ.

మస్తాన్‌వలీ మొహం చిన్నబోయింది. వేళాకోళమేమోనని నవ్వబోయి, నవ్వు రాక, టీ చెప్పడానికి కిందికి వెళ్ళిపోయాడు. అతని కూతురు షాహీన్‌ను చిన్నప్పుడు లెక్కల్లో గట్టెక్కించింది రత్నమే. పెళ్ళి మాట చెబితే ఎగిరి గంతేస్తుందనుకున్నాడు.

రత్నం ఇంటికి వెళ్ళిపోయాక ముగ్గురూ ఆ రోజు రికార్డింగు వినడానికి కూర్చున్నారు. రికార్డింగులో పాట ముగిసింది. కానీ టీ విరామంలో రత్నం టోపీ తీయలేదు, శేషూ రికార్డింగు ఆపడం మరిచిపోయింది. స్పీకర్లలోంచి మస్తాన్‌వలీ గొంతు వినిపించింది. హుషారుగా, ఇప్పటి కంటే కాస్త పడుచుగా.

“టీ చెప్పనా అక్కా? అల్లం వెయ్యమనాలా?”

“నేనా మాట అన్లేదు,” అన్నాడు మస్తాన్‌వలీ. “ఇవాళ అసలా మాట అన్లేదు. పిల్ల పెళ్ళి గురించి చెప్పాను కదా!”

ఆ తరవాత యోహానుగారి గొంతు పంచదార తగ్గించమంది. ఆయన ఆ రోజు పంచదార ఊసే ఎత్తలేదు. తన చెల్లెలు ఆసుపత్రిలో ఉందని చెప్పారు. రత్నం “ఈ ఎండలకి అంతేనండీ” అంది. పోనీలే, ఆవిడ ఏదో ఆలోచనలో ఉందని సరిపెట్టుకున్నారు.

శేషు రికార్డింగు ఆపేసి తల పట్టుకుంది. “వయొలిన్ ఒక్కటే అనుకున్నాను. అక్క మెదడు మన మాటల్ని కూడా నింపేస్తోంది. అక్క చెవిలో ఇప్పుడున్నది మనం కాదు, ఒకప్పటి మనం. నాకు ముందే తట్టాలి. తట్టకూడదనే అనుకున్నానేమో.” ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మర్నాడు కాలేజీ వదిలే వేళకు ముగ్గురూ గేటు దగ్గర నిలబడ్డారు. రత్నాన్ని తీసుకెళ్ళి గోడౌనులో కూర్చోబెట్టి ఆ టీ మాటలు వినిపించారు. అసలు ఏమన్నారో శేషు కాగితం మీద రాసి చూపించింది. షాహీన్ పేరు చదవగానే రత్నం చేత్తో నోరు మూసుకుంది.

“ఇలాంటివి ఇంకెన్ని పోయాయో!” అంది. ఇంట్లో సత్తిరాజు ఈ మధ్య మౌనంగా ఎందుకుంటున్నాడో ఆమెకు అప్పుడు తట్టింది. కాసేపటికి మొండిగా తలెత్తింది. “అయినా సరే. ఒక్క పాటేగా మిగిలింది. ఆల్బమ్ అయ్యాక పెట్టుకుంటాను. లేకపోతే యోహానుగారి వయొలిన్ ఏమవుతుంది?”

యోహానుగారు లేచి వచ్చి ఆమె ఎదురుగా, పెదాలు కనపడేలా కూర్చున్నారు. ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు.

“రత్నంగారూ, చెయ్యి బాగున్నప్పుడు నేనొక్క స్వరం తప్పినా మీరు డోలక్ ఆపేసి కడిగేసేవారు. గుర్తుందా అండీ? చేతికి జబ్బు చేశాక మీరొక్కనాడూ ఏమీ అన్లేదు. ముసలాడని జాలిపడుతున్నారనుకున్నాను. ఆ జాలి నన్ను తినేసిందండి. తీరా చూస్తే మీరు వినట్లేదు. నా వయొలిన్ ఎక్కడికీ పోదు. శ్రుతి తప్పుతానే ఇక్కడే ఉంది. దానికి వినేవాళ్ళే లేరు.”

“కానీ ఊరంతా మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు కదండీ...”

“భుజం బాగున్నప్పటి ఆ కుర్రాణ్ణి మెచ్చుకుంటున్నారు. నాకూ ఇష్టమేనండి ఆ కుర్రాడంటే. కానీ ఆడి కోసం మా అందర్నీ ఒదిలేసుకుంటారా?”

రత్నానికి ఆ పాత వయొలిన్ అంటే ప్రాణం. దాన్ని తన చేతులతో తానే ఆపుకోవాలంటే మనసొప్పలేదు. అలాగని ఎదురుగా కూర్చున్న ఈ మనిషిని కాదనడమూ చేతకాలేదు. చివరికి కొంగుతో కళ్ళు తుడుచుకుని, “రేపు డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు నాతో?” అంది.

ముగ్గురూ వచ్చారు. సత్తిరాజు కూడా వచ్చాడు. ఇరుకు గదిలో ఇంతమందేమిటని డాక్టరు విసుక్కున్నాడు.

సంగీతోత్సవం వాళ్ళకు శేషు ఉన్నమాట చెప్పేసింది. ఇకపై వచ్చే పాటల్లో వయొలిన్ ఎలా ఉంటుందో అలాగే ఉంటుందని చెప్పింది. వాళ్ళు ఎంతో మర్యాదగా ఆలోచించి చెబుతామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. టోపీని శేషు ప్రయోగశాలకు తీసుకుపోయింది. మనిషి చెవి ఎప్పుడు మోసపోతోందో ముందే కనిపెట్టడానికి దాన్ని తిరిగి తయారు చేస్తానంది. ఆ పనికి పేరు తక్కువ, చాకిరీ ఎక్కువ. తెలిసే ఒప్పుకుంది.

యంత్రాలు తెచ్చుకున్న మొదటి ఆదివారం రత్నం మెట్లెక్కుతుంటే లోకమంతా గరగరలాడింది. తన చీర కుచ్చిళ్ళు చప్పుడు చేస్తాయని ఆమె మరిచేపోయింది. గాజులు, ఫ్యాను, కింద దుకాణంలో దూది ఏకే మిషను, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. గోడౌనులోకి అడుగుపెట్టగానే మస్తాన్‌వలీ చెయ్యి అడ్డం పెట్టాడు.

“మొదటి మాట నాది. ఎవరూ మాట్లాడొద్దు. అక్కా, మా షాహీన్‌కి సంబంధం కుదిరిందండి!”

మెదడు కొంచెం తడుముకుంది. గొంతు తను ఎరిగిన దాని కంటే బొంగురుగా, పెద్దవాడి గొంతులా ఉంది. కానీ మాట మాటలాగే అందింది. “ఏదీ, మళ్ళీ చెప్పు!” అని రత్నం అతని భుజాలు పట్టుకుని ఊపేసింది. అతను మళ్ళీ చెప్పాడు. కుర్రాడి ఊరు, వాళ్ళ ఇల్లు, వాళ్ళమ్మ నవ్వు, అన్నీ చెప్పాడు. రత్నం ప్రతిదానికీ ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

తరవాత వాయిద్యాలు తీశారు. మామూలు మైకు మధ్యలో నిలబెట్టారు. యోహానుగారు వయొలిన్ గడ్డం కింద పెట్టుకున్నారు గానీ కమాను ఆనించలేదు. రత్నం కావాలనే కళ్ళు మూసుకుంది. పాట మొదలైంది. డోలక్ నడుస్తోంది, మస్తాన్‌వలీ పల్లవి ముగించాడు. ఇక వయొలిన్ రావాలి.

వచ్చింది. గరుకుగా, సందేహంగా, ఒక్కో స్వరమూ మెట్టు మెట్టుకీ ఆయాసపడుతూ వచ్చింది. రత్నం గుండె కలుక్కుమంది. ఊయల ఊగే ఆ గమకం ఇంక ఎప్పటికీ రాదు. అయినా ఇది ఇప్పుడు, ఈ గదిలో, ఈ మనిషి తీస్తున్న శబ్దం. ఆమె కళ్ళు తెరిచి చెయ్యెత్తి డోలక్ ఆపేసింది. పాట ఆగిపోయింది.

“యోహానుగారూ, అదేం గాంధారమండీ? సగం జారిపోయింది! సంగీతం నేర్చుకున్నారా, వేపకొమ్మ విరుస్తున్నారా?”

యోహానుగారు వయొలిన్ కిందికి దించారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు, మొహమంతా నవ్వు.

“తప్పేనండి,” అన్నారు. “మళ్ళీ వాయిస్తాను, వినండి.”